చార్లెస్ కెటరింగ్ – ‘సెల్ఫ్’ వెనుక ఒక జీవితం

మా కళాశాల ద్వారం ముందు నుండి రోజూ ఎన్నో నీళ్ల ట్యాంకర్లు పోతూ ఉంటాయి. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో వెలసిన అద్దాల మేడలకు, అపార్టుమెంట్లకు వేసవిలో దాహం తీర్చేవి అవే. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఈ రాతిగుట్టల సీమ హైటెక్ సిటీగా, సైబరాబాదుగా లోకప్రసిద్ధి పొందినది. ఆ మేడలకు రాయి, ఇసుక, సిమెంటు మోసినవి లారీలు; నేడు వాటికి నీరు మోస్తున్నవీ లారీలే. అయినా లారీని గురించి గాని, దాని క్రింద పడుకొని పనిచేసే మనిషిని గురించి గాని మన సంచికలలో ఎవరూ వ్రాసినట్లు మాకు గుర్తు లేదు. ఆ లోటును కొంతవరకైనా తీర్చుదామని ఈ వ్యాసానికి పూనుకొన్నాము. ఇది ఒక మహాపురుషుని జీవితకథ. అయితే దీనికి నాంది పలికినది మాత్రం మా ద్వారం ముందు ఆగిపోయిన ఒక పాత ట్యాంకరు లారీ.

అది పరీక్షల కాలం. ఉదయం తొమ్మిది గంటలకు నిండు ట్యాంకరు ఒకటి మలుపు తిరగలేక ఇంజను ఆగి, సరిగ్గా మా ద్వారానికి అడ్డంగా నిలిచిపోయినది. డ్రైవరు తాళం త్రిప్పినప్పుడల్లా క్రింద నుండి టక్కుమని ఒక చిన్న శబ్దం వచ్చేది. అంతకు మించి చలనం లేదు. మన నగరంలో డ్రైవర్లు ఈ జబ్బును ‘సెల్ఫ్ తీసుకోవడం లేదు’ అని అంటారు. ఇంజనును తొలిసారి త్రిప్పి నిద్ర లేపే విద్యుత్ మోటారుకు వారు పెట్టుకొన్న ముద్దు పేరు ‘సెల్ఫ్’. పది వేల లీటర్ల నీళ్లంటే పది టన్నుల బరువు. దానిని మా విద్యార్థులు ఎంతమంది కలిసి నెట్టినా కదిలేది కాదు.

అరగంటకు ఒక యువకుడు స్కూటరు మీద వచ్చినాడు. చేతిలో పానాల సంచి, జేబులో ఒక టెస్ట్ లాంపు. అతనిని చూడగానే మేము గుర్తుపట్టినాము. మూడు సంవత్సరాల క్రిందట మా కళాశాలలో బి.యస్సి. రెండవ సంవత్సరంలో ఉండగా తండ్రి మరణించడంతో చదువు మానివేసిన విద్యార్థి. అతడు కూడా మమ్ములను గుర్తుపట్టినాడు కాబోలు, సలాము చేసి వెంటనే తల త్రిప్పుకొని లారీ క్రిందికి పోయినాడు.

అతడు పనిచేసిన తీరును మేము శ్రద్ధగా గమనించినాము. మొదట బ్యాటరీల మీద పేరుకొన్న తెల్లని పొడిని వేడినీటితో కడిగి, తీగల బిగింపులను గట్టి చేసినాడు. తరువాత ముందు దీపాలు వెలిగించి డ్రైవరును తాళం త్రిప్పమన్నాడు. బ్యాటరీ బలహీనమైతే ఆ క్షణంలో దీపాలు క్రుంగిపోవాలి. అవి క్రుంగలేదు. అంటే బ్యాటరీలో సత్తువ ఉన్నది గాని, ఆ సత్తువను మోటారు తీసుకోవడం లేదన్న మాట. టక్కుమని శబ్దం వస్తున్నది కనుక మీట, దాని నుండి సోలినాయిడ్ దాకా పోయే సన్నతీగ బాగానే ఉన్నవి. పిమ్మట సోలినాయిడ్ నుండి మోటారులోనికి పోయే బోల్టు మీద టెస్ట్ లాంపు ఆనించి మళ్లీ తాళం త్రిప్పించినాడు. లాంపు వెలిగినది. కరెంటు మోటారు గడప దాకా వచ్చి నిలిచిపోతున్నది. చివరి అనుమానంగా, మోటారు ఒంటి నుండి బ్యాటరీ ఎర్త్‌కు ఒక లావు తీగను సూటిగా కలిపి చూచినాడు. అప్పుడూ చలనం లేదు. ఇక రోగం మోటారు కడుపులోనే ఉన్నదని తేలిపోయినది.

అప్పుడు గాని అతడు పానా పట్టలేదు. పట్టిన తరువాత మొట్టమొదట ఊడదీసినది బ్యాటరీ ఎర్త్ తీగను. ఆ తీగ ఉండగా ఇనుప పానా పొరపాటున తగులరాని చోట తగిలితే నిప్పులు చెలరేగి చేయి కాలిపోతుందని, ప్రక్కన నిలిచిన కుర్రవానికి వివరించినాడు. మోటారు విప్పి చూపగా లోపల కార్బన్లు అరిగి మొండిముక్కలై ఉన్నవి. అవి ఒరుసుకొనే రాగి చక్రం నల్లగా కాలి గాడులు పడినది. ఆర్మేచరును మోసే బుష్షులు కూడా వదులైనవి. కార్బన్లు మాత్రమే మార్చితే కొద్ది రోజులకే మళ్లీ ఇదే కథ అని నిర్ణయించి, తన ఉస్తాదు దుకాణం నుండి బాగుచేసి ఉంచిన మరొక సెల్ఫ్ తెప్పించినాడు. దాని పళ్లను పాతదాని పళ్లతో లెక్క సరిచూచి, అది తిరిగే దిక్కును పరీక్షించి, లోపల ఇంజను రింగ్ గేరు పళ్లు విరుగలేదని టార్చి వేసి చూచుకొని, మోటారు కూర్చునే చోట మట్టిని, తుప్పును గీకి శుభ్రం చేసినాడు. కరెంటు తిరిగి వచ్చే దారి ఆ ఇనుప ఒరపిడియే కదా! అన్నీ బిగించిన పిదప ఆఖరున ఎర్త్ తీగ తగిలించి, గేరు న్యూట్రలులో ఉన్నదని చూచుకొని తాళం త్రిప్పినాడు. ఇంజను ఒక్క పట్టున మేలుకొన్నది.

మా ప్రయోగశాలలలో పరికల్పన, పరీక్ష, నిర్ధారణ అని మేము నల్లబల్ల మీద వ్రాసి చెప్పే పాఠం ఇంతకంటె వేరు కాదు. కాని ఆ యువకుడు మేము పిలిచినా ద్వారం దాటి లోపలికి రాలేదు. చేతుల మసి చూపి, నవ్వి వెళ్లిపోయినాడు. ఆ నాటి నుండి ఈ సెల్ఫ్‌ను మొదట సృష్టించిన మనిషి ఎవరా అని వెదకినాము. వెదకిన కొద్దీ మాకు దొరికినది ఒక యంత్రం కథ కాదు. చదువు మధ్యలో ఆగిపోయి, స్తంభాలు పాతి, మళ్లీ కళాశాల గడప తొక్కిన ఒక విద్యార్థి కథ.

చార్లెస్ ఫ్రాంక్లిన్ కెటరింగ్ 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో లౌడన్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర ఒక రైతు కుటుంబంలో జన్మించినాడు. పొలం పనుల మధ్య పెరిగినాడు. చిన్ననాటి నుండి అతనిని బాధించిన శత్రువు కంటిచూపు. కొంతసేపు చదివితే చాలు, తల పగిలిపోయే నొప్పి వచ్చేది. అయినా చదువు మీద మమకారం చావలేదు. పాఠశాల చదువు ముగించుకొని పల్లె బడులలో ఉపాధ్యాయుడుగా కొంతకాలం పనిచేసినాడు. ఆ జీతంతో కూడబెట్టుకొని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదువుకు చేరినాడు.

కాని కండ్లు మొరాయించినవి. చదువు విడిచి ఇంటిదారి పట్టక తప్పలేదు. ఆ వయస్సులో ఆ దెబ్బ ఎంతటిదో మా విద్యార్థులలో కొందరికైనా వేరే చెప్పనక్కరలేదు. కెటరింగ్ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఒక టెలిఫోను కంపెనీలో కూలీల జట్టుతో కలిసి గోతులు త్రవ్వి, స్తంభాలు నిలిపి, తీగలు లాగినాడు. ఆరుబయట పనిలో కండ్లకు విశ్రాంతి దొరికినది. తీగలలో పారే కరెంటు గుణం చేతులకు తెలిసినది. త్వరలోనే ఆ జట్టుకు మేస్త్రీ అయినాడు. ఆష్లండ్ అనే ఊరిలో ఆ పని చేస్తున్న రోజులలోనే ఆలివ్ విలియమ్స్ అనే యువతితో పరిచయమై, అది 1905లో వివాహానికి దారితీసినది.

ఈ లోపల అతడు చేసిన సాహసం మరొకటి కలదు. మానివేసిన చదువుకు అతడు తిరిగి వెళ్లినాడు. తోటి విద్యార్థులు తనకంటె ఎంతో చిన్నవారు. పుస్తకం చదువలేనప్పుడు వారే బిగ్గరగా చదివి వినిపించేవారు. అతడు కండ్లు మూసుకొని విని గ్రహించేవాడు. 1904లో, తన 28వ యేట, విద్యుత్ ఇంజనీరింగులో పట్టా పుచ్చుకొన్నాడు. ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచింపవలెను. ఆ విశ్వవిద్యాలయం ఒకసారి వెళ్లిపోయినవానికి తలుపు మూసివేసి ఉంటే ఏమయ్యేది? చదివి వినిపించే సహాధ్యాయులు లేకుంటే ఏమయ్యేది? ఒక మేధావి వెనుక ఎందరి ఓర్పు దాగి ఉంటుందో చరిత్రపుటలలో తరచుగా కానరాదు.

పట్టా చేతికి రాగానే డేటన్ నగరంలోని నేషనల్ కాష్ రిజిస్టర్ కంపెనీలో అతనికి ఉద్యోగం దొరికినది. ఆనాడు దుకాణాలలో డబ్బు లెక్కకట్టే యంత్రాన్ని చేతితో పిడి త్రిప్పి నడిపేవారు. దానిని కరెంటుతో నడిపించాలని కంపెనీ తలచినది. మోటారు పెడదామంటే పెట్టె పెద్దదైపోతుంది. కెటరింగ్ చేసిన ఆలోచన చాల సులభమైనది, చాల లోతైనది. దుకాణం యంత్రానికి మోటారు రోజంతా తిరుగనక్కరలేదు; ఒక్క క్షణం గట్టిగా తిరిగి ఆగిపోతే చాలు. నిరంతరం పనిచేసే మోటారుకు ఉండవలసిన పరిమాణం దీనికి అక్కరలేదు. చిన్న మోటారు మీద క్షణకాలం పెద్ద భారం వేయవచ్చును. వేడెక్కి కాలిపోయే లోపల దాని పని ముగుస్తుంది. 1906లో ఆ యంత్రం సిద్ధమైనది. ఈ చిన్న సత్యమే అయిదేండ్ల తరువాత ప్రపంచపు రహదారులను మార్చివేసినది.

1909లో అతడు ఆ కంపెనీని విడిచి, తన మిత్రుడు ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి సొంత సంస్థను స్థాపించినాడు. డేటన్ ఇంజనీరింగ్ లాబొరేటరీస్ కంపెనీ అన్నది దాని పూర్తి పేరు. లోకం దానిని డెల్కో అని పిలిచినది. వీరి తొలి ప్రయోగశాల డీడ్స్ ఇంటి వెనుక ఉన్న ఒక పశువుల కొట్టం. పగలు ఉద్యోగాలు చేసుకొనే మిత్రులు రాత్రివేళ ఆ కొట్టంలో చేరి పనిచేసేవారు. మొదట మోటారు ఇంజనుకు మెరుగైన నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ పద్ధతిని తయారుచేసి కాడిలాక్ కార్ల కంపెనీకి అమ్మినారు.

ఆ రోజులలో కారును నడపడం కంటె మేలుకొలపడం కష్టం. ముందు భాగంలో ఒక ఇనుప హ్యాండిలు దూర్చి బలంకొద్దీ త్రిప్పాలి. మన ముసలి డ్రైవర్లు హ్యాండిలు కొట్టడమని ఇప్పటికీ చెప్పుకొంటారు. ఇంజను సరియైన సమయంలో గాక ముందుగా పేలితే ఆ హ్యాండిలు వెనుకకు తన్నేది. ఎందరికో మణికట్లు విరిగినవి, భుజాలు జారినవి. బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారు ఇటువంటి దెబ్బ తగిలి 1908లో మరణించినాడని చెప్పుకొంటారు. అతడు కాడిలాక్ అధిపతి హెన్రీ లీలండ్‌కు మిత్రుడు. తన కార్లు మనుషులను చంపరాదని లీలండ్ పట్టుపట్టి, హ్యాండిలు అక్కరలేని ఉపాయం కోసం వెదకుతూ చివరకు కెటరింగ్ వద్దకు వచ్చినాడు.

ఇంజనును త్రిప్పగల మోటారు దాదాపు ఇంజనంత పెద్దది కావాలని, దానిని నడిపే బ్యాటరీలను కారు మోయలేదని ఆనాటి నిపుణులు లెక్కలు కట్టి ఉంచినారు. వారి లెక్కలలో తప్పు లేదు; ప్రశ్నలోనే తప్పు ఉన్నది. కెటరింగ్‌కు దుకాణపు యంత్రం జ్ఞాపకం వచ్చినది. ఇంజనుకు కావలసినదీ కొన్ని క్షణాల త్రిప్పుడే గదా! చిన్న మోటారుకు తగిన పళ్లచక్రాలు అమర్చి, ఇంజను పెద్ద చక్రాన్ని త్రిప్పితే చాలును. అంతటితో ఆగక, ఇంజను మేలుకొన్న తరువాత అదే యంత్రం ఎదురు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపాలని, ఆ బ్యాటరీతోనే దీపాలు వెలుగవలెనని ఏర్పాటు చేసినాడు. మేలుకొలుపు, దీపం, నిప్పురవ్వ మూడూ ఒకే పద్ధతిలో ఇమిడినవి. రాత్రింబవళ్లు శ్రమించి 1911 ఫిబ్రవరిలో తొలి సెల్ఫ్ అమర్చిన కాడిలాక్ కారును లీలండ్‌కు అప్పగించినారు. 1912 సంవత్సరపు కార్ల కోసం కాడిలాక్ 12,000 సెల్ఫ్‌లకు కోరిక పంపినది. పశువుల కొట్టం ఒక్కసారిగా కర్మాగారమైనది. 1915లో అతనికి ఈ సృష్టికి పేటెంటు లభించినది. కొద్ది సంవత్సరాలలో ఇతర కంపెనీలు కూడా దీనిని అనుసరించినవి. ఫోర్డు మోడల్ టి కారుకు సైతం 1919లో సెల్ఫ్ వచ్చినది.

దీని ఫలితం ఇంజనీరింగుకే పరిమితం కాలేదు. హ్యాండిలు కొట్టే కండబలం లేని స్త్రీలు, వృద్ధులు స్వయంగా కారు నడుపగలిగినారు. మరొక విచిత్రం కూడా జరిగినది. ఆనాటికే బ్యాటరీతో నడిచే కార్లు చాల ఉండేవి. హ్యాండిలు బాధ లేకపోవడమే వాటికి గల పెద్ద ఆకర్షణ. కెటరింగ్ ఆ బాధను పెట్రోలు కారు నుండి తొలగించడంతో వాటి రోజులు చెల్లినవి. శతాబ్దం గడచిన తరువాత నేడు మా కళాశాల ముందు రోడ్డు మీద విద్యుత్ బస్సులు, ఆటోలు మళ్లీ తిరుగుతున్నవి. వాటికి సెల్ఫ్ అక్కరలేదు. కాలచక్రం అంటే ఇదే కాబోలు.

1916లో డెల్కో సంస్థ చేతులు మారి, తరువాత జనరల్ మోటార్స్‌లో కలిసిపోయినది. 1920 నుండి 1947 వరకు ఆ మహాసంస్థ పరిశోధనలకు కెటరింగ్ నాయకత్వం వహించినాడు. త్వరగా ఆరే రంగును డ్యూపాంట్ సంస్థతో కలిసి రూపొందించి, వారాల తరబడి పట్టే కారు రంగుపనిని గంటలలోకి దించినాడు. కరెంటు లేని పల్లె ఇండ్లకు చిన్న దీపయంత్రాలు అందించినాడు. రైలు ఇంజనులకు తగిన తేలికైన డీజిలు యంత్రాన్ని సాధించి, బొగ్గు రైళ్ల యుగం ముగియడానికి తోడ్పడినాడు. అయితే విజయాలు మాత్రమే చెప్పితే చరిత్ర కాదు. నీటితో గాక రాగి రెక్కల మీది గాలితో చల్లబడే ఇంజనును అతడు ఎంతో ఆశతో తయారుచేసినాడు. 1923లో ఆ కార్లు రోడ్డెక్కి విఫలమైనవి. కంపెనీ వాటిని వెనుకకు తీసుకోవలసి వచ్చినది. మనస్తాపంతో రాజీనామాకు సిద్ధపడినాడు గాని అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్ అంగీకరింపలేదు. ఓటమిని విద్యలో భాగంగా స్వీకరించడం కెటరింగ్ వద్ద నేర్చుకోదగిన గుణం.

ఇక చెప్పక తప్పని చేదు అధ్యాయం ఒకటి ఉన్నది. మహనీయుల జీవితాలు వ్రాసేవారు సాధారణంగా ఇటువంటి చోట కలం ప్రక్కకు త్రిప్పుతారు. విద్యార్థులకు సత్యం చెప్పవలసిన వృత్తిలో ఉన్న మాకు అది తగదు. ఆనాటి పెట్రోలు ఇంజనులు భారం పడినప్పుడు టకటకమని కొట్టుకొనేవి. దానికి మందు కనుగొనుమని కెటరింగ్ తన సహాయకుడు థామస్ మిడ్‌గ్లీకి అప్పగించినాడు. 1921 డిసెంబరులో మిడ్‌గ్లీ ఒక సీసపు సమ్మేళనాన్ని కొద్దిగా కలిపితే ఆ కొట్టుకోవడం మాయమవుతుందని కనుగొన్నాడు. సారాయి సత్తును కలిపినా కొంతవరకు ఆ ఫలితమే వస్తుందని వారికి తెలియనిది కాదు. కాని సీసం చౌక, చాల కొద్దిగా చాలును, పైగా పేటెంటు లాభం దానికే ఉన్నది. 1924లో ఆ వస్తువును అమ్మడానికి ఏర్పడిన ఇథైల్ కార్పొరేషనుకు కెటరింగే తొలి అధ్యక్షుడైనాడు.

సీసం విషమని ప్రాచీన కాలం నుండి లోకానికి తెలుసు. మిడ్‌గ్లీయే ఆ విషం సోకి కొంతకాలం విశ్రాంతి తీసుకోవలసి వచ్చినది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక కర్మాగారంలో ఆ సమ్మేళనం తయారుచేసే కార్మికులు మతి చలించి కేకలు వేసినారు. 5 మంది మరణించినారు. 30 మందికి పైగా ఆసుపత్రి పాలైనారు. డాక్టరు ఆలిస్ హామిల్టన్ వంటి ఆరోగ్య నిపుణులు 1925లో బహిరంగంగా హెచ్చరించినారు. అయినా కొంత విరామం తరువాత అమ్మకాలు మళ్లీ సాగినవి, లోకమంతా వ్యాపించినవి. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం ఎంత కొద్దిగానైనా క్షేమం కాదని వైద్యశాస్త్రం నేడు నిర్ధారించినది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం పూర్తిగా ఆగినది 2000 సంవత్సరంలో. ప్రపంచంలో చిట్టచివరగా అల్జీరియాలో 2021లో ఆగినది. మేము బడిపిల్లలుగా ఆటోలో క్రిక్కిరిసి కూర్చొని, చార్మినారు వీధుల పొగలో ఊపిరి పీల్చిన రోజులు ఆ సీసపు రోజులే. మనిషి చేయి విరుగకుండా కాపాడినవాడే, తాను ఎన్నడూ చూడని పిల్లల రక్తంలోనికి విషం పారడానికి దోహదం చేసినాడు. ఇది శాపనార్థం కాదు, లెక్క మాత్రమే.

ఫ్రిజ్‌లకు వాడే ఫ్రియాన్ వాయువు కథ వేరు. విషవాయువుల వలన ఇండ్లలో ప్రాణాలు పోతున్నవని, వాటికి బదులుగా మిడ్‌గ్లీ బృందం దీనిని కనుగొన్నది. ఆనాటికి అది సదుద్దేశమే. అది ఆకాశంలోని ఓజోను పొరను తినివేస్తుందని 1970లలో గాని తెలియలేదు. 1987 నాటి మాంట్రియాల్ ఒప్పందంతో దానిని తగ్గించడం ఆరంభమైనది. తెలియక చేసిన హానికి, తెలిసినవారి మాట వినక చేసిన హానికి మధ్య ఎంత దూరమున్నదో ఈ రెండు ఉదాహరణలు మనకు బోధిస్తాయి. మా ప్రాంతపు మేడలలో రేపు యంత్రాలకు తెలివి నేర్పబోయే విద్యార్థులు ఈ వ్యత్యాసాన్ని గుండెకు హత్తుకోవాలి. లారీ క్రింద పడుకొన్న ఆ యువకుడు మోటారును ముట్టుకొనే ముందు ఎర్త్ తీగను ఊడదీసినాడు. ఎవరికి హాని తగులునో ముందు చూచుకొని పిదప పని మొదలుపెట్టడం పెద్ద శాస్త్రజ్ఞుడు సైతం కొన్నిసార్లు మరచిపోయే పాఠం.

కెటరింగ్ తన సంపదలో చాల భాగాన్ని విద్యకు, వైద్యానికి వెచ్చించినాడు. 1945లో స్లోన్‌తో కలిసి న్యూయార్కులో క్యాన్సర్ పరిశోధన సంస్థను నెలకొల్పినాడు. మరుసటి సంవత్సరమే అతని భార్య ఆలివ్ మరణించింది. చదువుతో పాటు చేతిపని కూడా నేర్పే ఆంటియోక్ కళాశాలను అతడు ఎంతో ఆదరించినాడు. అక్కడి విద్యార్థులు కొంతకాలం తరగతిలో, కొంతకాలం కర్మాగారంలో గడిపేవారు. ఆకు పచ్చగా ఎందుకుంటుంది, సూర్యకాంతిని ఎట్లు పట్టుకొంటుంది అన్న ప్రశ్న జీవితాంతం అతనిని వదలలేదు. ఆ పరిశోధనకు అక్కడనే ధనసహాయం చేసినాడు. దాదాపు 186 పేటెంట్లు సంపాదించి, 1958 నవంబరులో డేటన్‌లో కన్నుమూసినాడు. మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరంలో పనితో కలిపి ఇంజనీరింగు నేర్పే ఒక సంస్థకు 1998లో కెటరింగ్ విశ్వవిద్యాలయమని పేరు పెట్టినారు.

ఇట్టివారు పరదేశాలలోనే పుడతారని అనుకోనక్కరలేదు. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో జన్మించిన జి.డి. నాయుడు (1893–1974) బడి చదువు అంతంత మాత్రంగా ముగించి, మోటారుసైకిలును విప్పి బిగించి యంత్రవిద్య నేర్చినవాడు. బస్సుల సంస్థను నడిపి, డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో మన దేశంలో విద్యుత్ మోటారు తయారీకి శ్రీకారం చుట్టినాడు. చేతులకు మసి అంటడాన్ని అవమానంగా తలచి ఉంటే అటు కెటరింగ్ లేడు, ఇటు నాయుడు లేడు.

మా విద్యార్థులలో చాలమంది కన్నులు ప్రతిదినం ఎదుటి అద్దాల మేడల మీదనే నిలుస్తాయి. అది తప్పు కాదు, ఆశ ఉండవలసినదే. కాని ఆ మేడ ఎక్కలేకపోయినవాడు ఓడిపోయినవాడని, మధ్యలో చదువు మానినవాడు ఇక మనవాడు కాడని భావించడం మాత్రం తప్పు. లారీ డ్రైవర్లు ఇంజనుకు ప్రాణం పోసే యంత్రాన్ని సెల్ఫ్ అని పిలవడంలో వారికి తెలియకుండానే ఒక అందం చేరినది. ఉర్దూ సాహిత్యం చదివిన మా విద్యార్థులకు ఖుదీ అన్న మాటకు గల గౌరవం తెలుసు. అద్దాల మేడలోనైనా, లారీ క్రిందనైనా మనిషి లోపల ఆ ఖుదీ మేలుకొని ఉండాలి. అయితే సెల్ఫ్ కూడా తనంతట తాను తిరగదు. బ్యాటరీ నింపినవారు ఒకరుండాలి, తీగ బిగించినవారు ఒకరుండాలి. కెటరింగ్‌కు చదివి వినిపించిన సహాధ్యాయులు అట్టివారే.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మేము సవినయంగా చేసే మనవి ఒకటే. గత కొన్ని సంవత్సరాలలో మన కళాశాలలో చదువు మధ్యలో ఆపివేసినవారి పేర్లు హాజరు పట్టీలలో ఉన్నవి. వారిలో ఎవరు ఎక్కడ ఉన్నారో విచారించి, తిరిగి చేరదలచినవారికి సాయంకాలపు తరగతులు గాని, రుసుములో సడలింపు గాని ఏర్పాటు చేయగలరేమో ఆలోచించవలెను. అటువంటివారు వచ్చిననాడు, పగలు పనిచేసి అలసిన వారికి పాఠం చదివి వినిపించడానికి ఇష్టపడే విద్యార్థులు ముందుకు రావలెను. వారి పేర్లు వ్రాసుకోవడానికి మా గదిలో ఒక పుస్తకం తెరచి ఉంచినాము.

ఆ యువకునికి కబురు పంపినాము. మసి చేతులతోనైనా సరే, ఈసారి ద్వారం దాటి లోపలికి రమ్మని. పాత ట్యాంకరు ఇప్పుడు రోజూ మా ద్వారం ముందు నుండి ఆగకుండా పోతూ ఉన్నది. అతడు ఇంకా రాలేదు.